కౌబాయ్ నవల రాసి, మీరే ప్రచురించి, మీరే అమ్ముకోవడం ఎలా

1971లో కృష్ణ కౌబాయ్ టోపీ పెట్టుకుని తెర మీదికి వచ్చినప్పటి నుంచి తెలుగువాళ్ళకి ఆ టోపీ, ఆ తుపాకీ, ఆ గుర్రం బాగా పరిచయమే. ఆ పరిచయంతోనే నవల రాయడానికి కూర్చుంటే మాత్రం రెండో పేజీలోనే చిక్కొస్తుంది. అమెరికా పశ్చిమాన జరిగే ఈ కౌబాయ్ కథల్నే వెస్టర్న్ అంటారు. మనం చూసింది సినిమా వెస్టర్న్. ఇంగ్లీషులో ఈ నవలలు కొని చదివే అమెరికన్ పాఠకుడు ఏళ్ళ తరబడి ఇవే చదువుతున్న మనిషి. ఇంట్లో తుపాకీ ఉండొచ్చు, కొట్టంలో గుర్రం కూడా ఉండొచ్చు. కథ కొంచెం పాతగా అనిపించినా ఓర్చుకుంటాడు. ఆరు తూటాల రివాల్వర్‌తో మీ హీరో తొమ్మిదిసార్లు కాలిస్తే మాత్రం పుస్తకం మూసేసి, ఒక్క స్టార్ ఇచ్చి, ఎందుకిచ్చాడో వివరంగా రాస్తాడు.

అందుకే రాసేటప్పుడైనా, అమ్మేటప్పుడైనా ఈ రకం కథల్లో ఉన్న అసలు పని ఆ పాఠకుడి నమ్మకం సంపాదించడం, దాన్ని తర్వాతి పుస్తకం దాకా నిలబెట్టుకోవడం. వెనక ప్రచురణ సంస్థ ఏదీ లేకుండా, అమెజాన్ కిండిల్ మీద సొంతంగా ఇంగ్లీషు వెస్టర్న్ పెట్టాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీరు గుంటూరులో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా పని దాదాపు ఒకటే. తేడా ఉన్నచోట చెబుతాను.

1. ముందు ఏడాది, ఊరు తేల్చుకోండి

కథాకాలం "పూర్వం ఎప్పుడో", స్థలం "పశ్చిమాన ఎక్కడో" అంటే కుదరదు. వెస్టర్న్ కాలమంటే స్థూలంగా 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసినప్పటి నుంచి 1890 దాకా. పాతికేళ్ళే. కానీ ఆ పాతికేళ్ళలో ఏడాదికో రకంగా లోకం మారింది. 1867లో కాన్సస్‌లోని ఆబిలీన్ రైలు స్టేషన్‌కి టెక్సస్ నుంచి పశువుల మందల్ని తోలుకురావడం మొదలైంది. 1869 మేలో యూటాలోని ప్రోమంటరీ దగ్గర తూర్పు నుంచి, పడమర నుంచి వేసుకొచ్చిన రైలు పట్టాలు కలిశాయి. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళతీగకు పేటెంట్ తీసుకున్నాడు. ఆ తీగ వచ్చాక, అందరి పశువులూ మేసే బీళ్ళకు కంచెలు పడ్డాయి. కంచెలు కోసేవాళ్ళు బయల్దేరారు. 1883 నాటికి టెక్సస్‌లో అది చిన్నపాటి యుద్ధమైంది, మరుసటి ఏడాది కంచె కోయడాన్ని పెద్ద నేరం చేస్తూ చట్టం వచ్చింది. 1886-87 చలికాలంలో ఉత్తరాది మైదానాల్లో మందలకు మందలు మంచులో చచ్చిపోయి పెద్ద రాంచ్‌లు, అంటే పశువుల పెంపకం క్షేత్రాలు, దివాలా తీశాయి.

వీటిని చరిత్ర పాఠంలా చూడకండి. మీ హీరో కష్టం ఇందులోంచే పుడుతుంది. యుద్ధంలో ఓడి ఇంటికొచ్చిన సైనికుడు 1868లో మంద తోలే పనికి చేరతాడు. అదే మనిషి 1884లో నడివయసులో, చేతిలో పని లేక, ఒక భూస్వామి కంచెకి కాపలాగా తుపాకీ పట్టుకుని నిలబడతాడు. అవతల కంచె కోసేది ఒకప్పుడు అతనితో కలిసి మంద తోలినవాడే. ఏడాది మార్చగానే కథ దానంతటదే దొరికింది చూడండి.

ఊరి విషయంలోనూ అంతే. చేతులెత్తి నిలబడ్డట్టుండే పెద్ద కాక్టస్, సగ్వారో, సొనోరా ఎడారిలోనే పెరుగుతుంది. అంటే ఎక్కువగా దక్షిణ ఆరిజోనాలో, సరిహద్దు అవతల మెక్సికోలో. టెక్సస్ కథలోనో, వయోమింగ్ కథలోనో అది కనిపిస్తే పాఠకుడు నవ్వుకుంటాడు. గాలికి దొర్లిపోయే ఎండు పొద ఇంకా గమ్మత్తు. అది అమెరికా మొక్కే కాదు. 1870లలో రష్యా వైపు నుంచి వచ్చిన అవిసె గింజల్లో కలిసి డకోటాకి చేరింది. 1866 నాటి టెక్సస్ వీధిలో దాన్ని దొర్లించకండి.

2. పరిశోధన ఇంట్లో కూర్చునే చేయొచ్చు

దీనికి అమెరికా వెళ్ళక్కర్లేదు. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ 'క్రానిక్లింగ్ అమెరికా'లో పాత పత్రికలు పేజీలకు పేజీలు ఉచితంగా చదవొచ్చు. మీ కథ జరిగే ఏడాదిలో, ఆ ప్రాంతపు పత్రిక ఒకటి పట్టుకుని నెల రోజుల సంచికలు తిరగేయండి. వార్తల కన్నా ప్రకటనలు చూడండి. పిండి ధర, హోటల్లో గది అద్దె, పళ్ళు పీకే డాక్టరు, తప్పిపోయిన గుర్రం వర్ణన, అన్నీ అక్కడే ఉంటాయి. శాన్‌బోర్న్ అగ్నిప్రమాద బీమా పటాలు కూడా ఆ లైబ్రరీలో ఉన్నాయి. చాలా పట్టణాల్లో ఏ వీధిలో ఏ కట్టడం ఉండేదో, అది చెక్కతో కట్టిందో ఇటుకతో కట్టిందో వాటిలో గీసి ఉంటుంది. హీరో బార్‌లోంచి పారిపోయి ఏ సందులో దూరాలో పటం చూసి రాయొచ్చు. 1930లలో ప్రభుత్వ పథకం కింద ముసలి కౌబాయ్‌లను కూర్చోబెట్టి చెప్పించుకున్న జీవిత కథలు కూడా అక్కడే దొరుకుతాయి. సంభాషణలకు వాటిని మించిన బడి లేదు. టెక్సస్ కథైతే నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయం నడిపే 'పోర్టల్ టు టెక్సస్ హిస్టరీ' కూడా చూడండి.

డల్లాస్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఒక ఆదివారం ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌కి వెళ్ళండి. మందలు ఉత్తరానికి వెళ్ళిన దారి ఆ ఊరి మీదుగానే పోయేది. ఇప్పుడక్కడ రోజూ పొడుగు కొమ్ముల పశువుల్ని వీధిలో తోలి చూపిస్తారు. పర్యాటకుల కోసమే అనుకోండి, అయినా ఆ కొమ్ముల వెడల్పు, గుర్రపు జీను చప్పుడు, పేడ వాసన పుస్తకాల్లో దొరకవు.

3. తుపాకీ, గుర్రం: ఈ రెండూ తప్పితే ఎవరూ క్షమించరు

ఎక్కువ కథల్లో కనిపించే రివాల్వర్ 1873 మోడల్ కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. మీ కథ 1870లో జరుగుతుంటే అది ఎవరి దగ్గరా ఉండకూడదు. అంతకుముందు రోజుల్లో మందు, గుండు, నిప్పు రాజేసే క్యాప్ విడివిడిగా కూరే రివాల్వర్లు వాడేవాళ్ళు. వాటిని మళ్ళీ నింపడానికి చాలాసేపు పడుతుంది. రెండు రివాల్వర్లు పెట్టుకుని తిరగడానికి అదొక కారణం.

సింగిల్ యాక్షన్ అంటే ప్రతి దెబ్బకీ ముందు బొటనవేలితో వెనకాలి హ్యామర్‌ని లాగాలి. ట్రిగ్గర్ ఒక్కటే నొక్కుతూ పోతే పేలదు. ఆరు గదులున్నా జాగ్రత్త తెలిసినవాళ్ళు ఐదే నింపి, హ్యామర్ కింద ఖాళీ గది ఉంచుకునేవాళ్ళు. తుపాకీ జారి పడితే పేలి తన కాలికే తగులుతుందని భయం. నింపడం కూడా ఒక్కొక్కటే: పక్కనున్న చిన్న తలుపు తెరిచి, కడ్డీతో ఖాళీ తొడుగును బయటికి తోసి, కొత్త తూటా పెట్టి, చక్రం తిప్పి, మళ్ళీ మొదటి నుంచి. ఇవన్నీ అడ్డంకులుగా అనిపిస్తాయి కానీ కథకి వరాలు. ఐదు తూటాలు అయిపోయాయని పాఠకుడు మీతోపాటు లెక్క పెడుతుంటాడు. హీరో నీళ్ళ తొట్టి వెనక కూర్చుని వణికే వేళ్ళతో తూటాలు ఒక్కొక్కటే పెడుతుంటే, అవతలి బూట్ల చప్పుడు దగ్గరవుతుంటే, టెన్షన్ కోసం మీరు వేరే ఏమీ చేయక్కర్లేదు.

పొగని మర్చిపోవద్దు. పొగరాని మందు 1890లలో గానీ వాడకంలోకి రాలేదు. అంతకుముందు ప్రతి కాల్పుకీ దట్టమైన తెల్లపొగ వచ్చేది. గదిలో నాలుగుసార్లు పేలితే ఎదుటి మనిషి కనపడడు, చెవులు గింగురుమంటాయి. తొడ దాకా వేలాడుతూ తాడుతో కట్టిన తోలు ఒర సినిమావాళ్ళు కనిపెట్టిన ముచ్చట. అప్పటివాళ్ళు తుపాకీని నడుము దగ్గర, ఇంకా పైన పెట్టుకునేవాళ్ళు.

గుర్రం మోటార్ సైకిల్ కాదు. నడిస్తే గంటకు 4 మైళ్ళు. మామూలు గుర్రం మీద రోజుకు 30 మైళ్ళు వెళ్తే మంచి ప్రయాణం. పూర్తి దౌడు రెండు మూడు మైళ్ళకు మించి సాగదు, ఆ తర్వాత గుర్రం కూలబడుతుంది. దానికి నీళ్ళు కావాలి, మేత కావాలి, డెక్కకి కొట్టిన లాడం ఊడిపోతే ప్రయాణం ఆగిపోవాలి. రెండు వేలు, మూడు వేల పశువుల మంద అయితే రోజుకు 10 నుంచి 15 మైళ్ళే నడుస్తుంది. దాని వెంట పది పన్నెండు మంది మనుషులు, మార్చుకోవడానికి గుర్రాల గుంపు, వంటవాడి బండి. ఆ వంటబండిని 1866లో చార్లెస్ గుడ్‌నైట్ తయారు చేయించాడు. మంద తోలే కుర్రాడి జీతం నెలకు 30, 40 డాలర్లు.

రాసింది సరిగ్గా ఉందో లేదో చూపించుకోవడానికి, పాతకాలపు తుపాకులతో పోటీలు పెట్టుకునే సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ సభ్యులు మంచి దారి. అమెరికాలో చాలాచోట్ల వాళ్ళ క్లబ్బులున్నాయి. మర్యాదగా అడిగితే ఒక అధ్యాయం చదివి తప్పులు చెప్పేవాళ్ళు దొరుకుతారు. అలా తప్పులు పట్టినవాళ్ళే తర్వాత మీ మొదటి పాఠకులవుతారు.

4. కాల్పుల ఘట్టం రాయడం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మధ్యాహ్నపు ఎండలో వీధి మధ్య ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఎవరు ముందు తీస్తారా అని చూసుకోవడం నిజంగా బహు అరుదు. దానికి దగ్గరగా వచ్చేది 1865 జూలై 21న మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైల్డ్ బిల్ హికాక్, డేవిస్ టట్‌ల మధ్య జరిగింది. దూరం సుమారు 75 గజాలు. గొడవ దేని మీద? పేకాట బాకీ మీద, ఆ బాకీ కింద టట్ తీసుకెళ్ళిన జేబు గడియారం మీద. గడియారం పెట్టుకుని నలుగురిలో తిరగొద్దని హికాక్ అన్నాడు, టట్ పెట్టుకుని తిరిగాడు. పోయింది ప్రాణం. ఆ తర్వాత హికాక్‌ని అరెస్టు చేశారు, విచారణ జరిగింది, జ్యూరీ వదిలేసింది. ఒక గడియారం, నలుగురిలో పరువు, కోర్టు: నవలకు సరిపడా సరుకు ఇందులోనే ఉంది.

అందరూ చెప్పుకునే కాల్పులు, ఆరిజోనాలోని టూంబ్‌స్టోన్ అనే ఊళ్ళో జరిగినవి, చూడండి. 1881 అక్టోబర్ 26. పేరు ఓ.కె. కొరాల్ అనే గుర్రాల దొడ్డిది గానీ, కాల్పులు జరిగింది ఆ కొరాల్‌కి అవతల, ఫ్లై అనే ఆయన ఫోటో స్టూడియో పక్కనున్న ఇరుకు ఖాళీ స్థలంలో. అర నిమిషంలో 30 దాకా తూటాలు పేలాయి, ముగ్గురు చనిపోయారు. మనుషులు మొదట నిలబడింది కొన్ని అడుగుల దూరంలోనే. ఇప్పుడు ఆ అర నిమిషానికి ముందూ వెనకా చూడండి. ఊళ్ళో ఆయుధాలు పట్టుకు తిరగకూడదని పట్టణ నిబంధన ఉంది. మార్చిలో ఒక స్టేజ్‌కోచ్ (ప్రయాణికుల గుర్రబ్బండి) దోపిడీ జరిగింది, అందులో ఎవరున్నారనే అనుమానాలు నలుగుతున్నాయి. షెరీఫ్ పదవి మీద పోటీ ఉంది. ఆ ఉదయం ఐక్ క్లాంటన్ అనేవాడు తాగి, తుపాకులు పట్టుకుని, ఊరి మార్షల్ వర్జిల్ ఎర్ప్‌ని, అతని సోదరుల్ని చంపుతానని ఊరంతా తిరిగితే, పట్టుకుని 25 డాలర్ల జరిమానా వేశారు. మధ్యాహ్నం కాల్పులు మొదలయ్యేసరికి అతని దగ్గర ఆయుధం లేదు, పారిపోయాడు. చచ్చింది అతని తమ్ముడు, అతని పక్షానే ఉన్న వేరే ఇంటి అన్నదమ్ములు ఇద్దరు. ఆ తర్వాత నెల పాటు న్యాయాధికారి స్పైసర్ ముందు విచారణ. డిసెంబర్‌లో మార్షల్ వర్జిల్ ఎర్ప్‌ని చీకట్లో కాచి కాల్చారు, ఒక చెయ్యి పనికిరాకుండా పోయింది. మార్చిలో తమ్ముడు మోర్గన్‌ని బిలియర్డ్స్ ఆడుతుండగా చంపారు.

అంటే కాల్పులు అర నిమిషం, కథ ఏడాది. మీ నవలలోనూ పేజీలు ఆ లెక్కనే పంచండి. కాల్పులకు ముందు మాటలు, బెదిరింపులు, ఊరివాళ్ళు తలుపులేసుకోవడం నిదానంగా నడపండి. కాల్పుల్ని చిన్న వాక్యాల్లో, ఒకటి రెండు పేజీల్లో ముగించండి. ఆ తర్వాతి భాగాన్ని మాత్రం ఎగ్గొట్టకండి. కొత్త రచయితలు ఎక్కువమంది ఇక్కడే జారిపోతారు: శవం పడగానే హీరో గుర్రమెక్కి వెళ్ళిపోతాడు. శవాన్ని ఎవరు మోశారు? మరణ విచారణలో సాక్ష్యం ఎవరు చెప్పారు? గాయపడ్డవాడు రాత్రంతా ఏ బల్ల మీద పడుకున్నాడు? టూంబ్‌స్టోన్‌లోనే జార్జ్ గుడ్‌ఫెలో అనే డాక్టరు తూటా గాయాలకు పొట్ట కోసి ఆపరేషన్లు చేశాడు, తూటా చీల్చలేకపోయిన పట్టు రుమాళ్ళ గురించి వ్యాసమే రాశాడు. అలాంటి డాక్టరు పాత్ర ఒకటి ఉంటే, తుపాకీ వీరుడి కంటే ఎక్కువకాలం గుర్తుండొచ్చు.

రాసేముందు కాగితం మీద బొమ్మ గీసుకోండి. ఎవరు ఎక్కడ, ఎండ ఎటువైపు, గుర్రాలు ఎక్కడ కట్టారు, ఎవరి తుపాకీలో ఎన్ని తూటాలున్నాయి. ఘట్టం పూర్తయ్యాక తూటాలు మళ్ళీ లెక్కపెట్టండి.

5. మనుషులు

చట్టం మనుషుల్ని కలిపేయకండి. పట్టణ మార్షల్ ఊరి ఉద్యోగి, షెరీఫ్‌ని కౌంటీ ప్రజలు ఎన్నుకుంటారు, యూఎస్ మార్షల్ కేంద్ర ప్రభుత్వం మనిషి. ఒకరి హద్దులోకి ఇంకొకరు వచ్చినప్పుడు పుట్టే గొడవలు మంచి కథలు.

ఆ లోకంలో అందరూ తెల్లవాళ్ళే ఉండేవాళ్ళనే భ్రమ సినిమాల వల్ల వచ్చింది. కౌబాయ్‌లలో నల్లజాతివాళ్ళు, మెక్సికన్లు చాలామంది. మంద తోలే పనిలో మెళకువలు, తాడు విసిరే పద్ధతి మెక్సికన్ వకేరోల (పశువులు తోలేవాళ్ళ) నుంచి వచ్చినవే. బానిసగా పుట్టి, డిప్యూటీ యూఎస్ మార్షల్‌గా ఇండియన్ టెరిటరీలో (ఇప్పటి ఓక్లహోమాలో) ఏళ్ళ తరబడి నేరస్తుల్ని పట్టిన బాస్ రీవ్స్ గురించి చదవండి. సెంట్రల్ పసిఫిక్ రైలు మార్గం వేసినవాళ్ళలో ఎక్కువమంది చైనావాళ్ళు, 1882లో చైనా కూలీల వలసనే నిషేధించారు. ఆదివాసుల్ని "ఇండియన్లు" అని గుంపుగా తెచ్చి గుంపుగా చంపే కథల్ని ఇప్పటి పాఠకులు చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయం కూడా. కొమాంచీలా, చిరికావా అపాచీలా, లకోటాలా అని తేల్చుకోండి. వాళ్ళకి పేర్లు, కోరికలు, రాజకీయం ఇవ్వండి.

తెలుగు హీరోని 1870 ఆరిజోనాకి పంపాలనే సరదా చాలామందికి పుడుతుంది. నా సలహా వద్దనే. మనవాళ్ళలో అమెరికా పడమటి తీరానికి గుంపులుగా చేరిన మొదటివాళ్ళు పంజాబీలు, అదీ 1900 దాటాక. అప్పటికి మీ కథాకాలం అయిపోయింది.

6. నిడివి, భాష, ఎడిటింగ్

45 వేల నుంచి 60 వేల పదాలు చాలు. ఈ పాఠకులు లావు పుస్తకం అడగరు, ఇంకో పుస్తకం అడుగుతారు. కాబట్టి మొదటి నవల మొదలెట్టేటప్పుడే ఆ హీరోతో మూడు కథలు చెప్పగలరో లేదో చూసుకోండి.

సంభాషణల్లో యాసని ఉప్పులా చల్లండి. ప్రతి మాటనీ విరిచి, అక్షరాలు మింగి రాస్తే చదవలేం. ఇంగ్లీషు మీకు బాగా వచ్చినా అమెరికన్ ఎడిటర్‌కి ఒకసారి డబ్బిచ్చి చూపించండి. మన ఇంగ్లీషులో మనకి కనపడని భారతీయ నుడికారం వాళ్ళకి వెంటనే కనపడుతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి.

కలం పేరు పెట్టుకోవచ్చు. అమెజాన్ ప్రచురణ విభాగం కేడీపీ దాన్ని ఒప్పుకుంటుంది, డబ్బు మాత్రం మీ అసలు పేరు మీద వస్తుంది. అమెరికన్ పేరులా పెట్టుకున్నా తప్పు లేదు. కానీ రచయిత పరిచయంలో "మోంటానాలో రాంచ్ నడుపుతూ" అని రాయకండి. ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, కష్టపడి కూడబెట్టిన నమ్మకం ఒక్కరోజులో పోతుంది.

7. అట్ట, పేరు, వెనక అట్ట మాటలు

అట్ట చూడగానే ఇది వెస్టర్న్ అని వేలెడంత బొమ్మలో కూడా తెలియాలి. ఒంటరి రౌతు, పెద్ద ఆకాశం, లావు అక్షరాలు. పాత చింతకాయ పచ్చడిలా ఉందనిపించినా అదే పెట్టండి. కళాత్మకంగా చేసిన అట్ట చూసి ఈ పాఠకుడు పక్కకి వెళ్ళిపోతాడు. డిజైనర్‌కి ఏడాది, ఊరు, తుపాకీ మోడల్ రాసివ్వండి. లేకపోతే వయోమింగ్ మంచులో సగ్వారో మొలుస్తుంది. ఈ-బుక్ అట్టకి కేడీపీ సూచించే కొలత 2560 పిక్సెల్స్ ఎత్తు, 1600 వెడల్పు.

పుస్తకం గురించి రాసే నాలుగు మాటల్లో చరిత్ర వద్దు. మనిషి, ఇబ్బంది, గడువు. ఇలా: "1884, టెక్సస్. కంచె కాయడానికి అతనికి నెలకు 50 డాలర్లిస్తున్నారు. దాన్ని కోసేవాడు ఒకప్పుడు అతని ప్రాణం కాపాడినవాడు. శనివారం లోపల వాళ్ళిద్దరిలో ఒకరు ఊరు వదలాలి." ఇంతే. ఇంకొక్క వాక్యం ఉంటే ఉండొచ్చు.

8. పెట్టడం, ధర

కేడీపీలో మూడు వర్గాలు ఎంచుకోవచ్చు, ఏడు కీవర్డ్ గడులు ఉంటాయి. వర్గాల్లో వెస్టర్న్ తప్పకుండా ఉండాలి. కీవర్డ్స్‌లో ఒంటి మాటలకు బదులు పాఠకుడు వెతికే పదబంధాలు రాయండి: పగ తీర్చుకునే తుపాకీ వీరుడు, టెక్సస్ రేంజర్, పశువుల మంద ప్రయాణం లాంటివాటికి ఇంగ్లీషులో వాడే మాటలు. రాయడంలో, అట్టలో కృత్రిమ మేధ తయారు చేసిన భాగం ఉంటే ఎక్కించేటప్పుడు అడుగుతారు, నిజం చెప్పండి.

ఈ-బుక్ ధర 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ఉంటే 70 శాతం రాయల్టీ దొరుకుతుంది, ఆ హద్దుకి తక్కువైనా, ఎక్కువైనా 35 శాతమే. 99 సెంట్ల పుస్తకం మీద మీకొచ్చేది 35 సెంట్లు. 3.99 పెడితే ఫైలు పంపే చిన్న ఖర్చు పోను రెండున్నర డాలర్లకు పైనే. మొదటి పుస్తకం చవగ్గా, మిగతావి 3.99 దగ్గర పెట్టడం మంచి పద్ధతి.

కేడీపీ సెలెక్ట్‌లో చేరితే 90 రోజులు ఆ ఈ-బుక్ ఇంకెక్కడా ఉండకూడదు, మీ సొంత సైట్లో కూడా. బదులుగా కిండిల్ అన్‌లిమిటెడ్ చందాదారులు చదివిన ప్రతి పేజీకీ డబ్బొస్తుంది. పేజీకి సగం సెంటు కంటే తక్కువే. అయినా వెస్టర్న్ చదివేవాళ్ళు వేగంగా, వరసగా చదువుతారు కాబట్టి మొదట్లో చేరడమే మేలని నా అభిప్రాయం. ఆ 90 రోజుల్లో ఐదు రోజులు పుస్తకాన్ని ఉచితంగా ఇవ్వొచ్చు. పేపర్‌బ్యాక్‌కి ఈ షరతు లేదు. పేపర్‌బ్యాక్‌తో పాటు 16 పాయింట్ల పెద్ద అక్షరాల ముద్రణ ఒకటి చేయండి. ఈ పాఠకుల్లో పెద్దవయసువాళ్ళు ఎక్కువ, వాళ్ళు దాన్ని నిజంగా కొంటారు.

9. ప్రచారం

మొట్టమొదట చేయకూడనిది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి "అందరూ ఐదు స్టార్లు ఇవ్వండి" అని అడగకండి. కుటుంబ సభ్యుల, దగ్గరి స్నేహితుల సమీక్షల్ని అమెజాన్ ఒప్పుకోదు, గుర్తిస్తే తీసేస్తుంది. ఇంకో నష్టం కూడా ఉంది. వంటల పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు కొనే బాబాయిలు, పిన్నులు మీ వెస్టర్న్ కొంటే, దాన్ని ఎవరికి చూపించాలో అమెజాన్‌కి తికమక. బాబాయికి ఒక ప్రతి చేతికివ్వండి, సంతోషిస్తాడు.

సమీక్షల కోసం, వెస్టర్న్ చదివేవాళ్ళకి విడుదలకు ముందే ఉచిత ప్రతి పంపండి. "చదివి మీకేమనిపిస్తే అది రాయండి, రాయకపోయినా పర్లేదు" అనాలి. మంచి సమీక్ష రాస్తేనే అని షరతు పెట్టకూడదు. మీది నేను పొగుడుతా, నాది మీరు పొగడండి అనే ఒప్పందాలూ కూడవు.

పుస్తకం చివరి పేజీ మీ చేతిలో ఉన్న ఉత్తమ ప్రకటన. కథ ముగియగానే, పాఠకుడు ఇంకా ఆ లోకంలో ఉండగానే, రెండో పుస్తకం లింకు, దాని మొదటి అధ్యాయం పెట్టండి. కింద ఒక మాట: హీరో కుర్రతనపు కథ ఒకటి ఉంది, ఈమెయిల్ ఇస్తే ఉచితంగా పంపుతాను అని. అలా చేరిన వంద మంది, ఫేస్‌బుక్‌లో లైక్ కొట్టిన పదివేల మంది కన్నా విలువైనవాళ్ళు. ఒక జాగ్రత్త: అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి ప్రచార మెయిల్స్‌లో పోస్టల్ చిరునామా, చందా మానుకునే లింకు ఉండాలి. ఇంటి చిరునామా పెట్టకుండా పోస్ట్ బాక్స్ తీసుకోండి.

తగ్గింపు ధర పుస్తకాల గురించి పాఠకులకు రోజూ మెయిల్ పంపే బుక్‌బబ్ లాంటి సేవల్లో చోటు కొనుక్కోవచ్చు. సిరీస్‌లో రెండు మూడు పుస్తకాలు వచ్చాక కొనండి. ఒక్కటే పుస్తకం ఉన్నప్పుడు కొంటే, వచ్చినవాళ్ళకి అమ్మడానికి రెండోది ఉండదు. అమెజాన్ ప్రకటనలు కూడా అంతే. మొదలుపెడితే రోజుకు నాలుగైదు డాలర్ల హద్దు పెట్టి, మీలాంటి కథలు రాసేవాళ్ళ పేర్ల మీద చూపించి, రెండు వారాలు కదపకుండా గమనించండి.

విడుదలకి తేదీ వెతుక్కుంటుంటే, జూలై నాలుగో శనివారం అమెరికాలో జాతీయ కౌబాయ్ దినంగా జరుపుతారు. అక్టోబర్‌లో టూంబ్‌స్టోన్‌లో హెల్డొరాడో ఉత్సవాలుంటాయి. 1953లో ఏర్పడిన వెస్టర్న్ రైటర్స్ ఆఫ్ అమెరికా ఏటా ఇచ్చే స్పర్ అవార్డులకు పంపే ఆలోచన ఉంటే, ఆ ఏడాది నిబంధనలు చదివి పంపండి.

తెలుగులోనే రాయాలనుకునేవాళ్ళకి ప్రతిలిపి లాంటి చోట సీరియల్‌గా పెట్టడం తేలిక. అక్కడ తుపాకీ మోడల్ కన్నా వారం వారం వచ్చే మలుపు ముఖ్యం.

10. డబ్బు, కాగితాలు

ఇండియాలో ఉన్నవాళ్ళు కేడీపీ ఖాతాలో పన్ను వివరాలు నింపేటప్పుడు పాన్ నంబర్ తప్పకుండా ఇవ్వండి. రెండు దేశాల ఒప్పందం వల్ల అమెరికాలో రాయల్టీ మీద 15 శాతమే పట్టుకుంటారు, ఇవ్వకపోతే 30 శాతం పోతుంది. ఆ ఆదాయాన్ని ఇక్కడి రిటర్న్‌లో చూపించి, అక్కడ కట్టినదానికి క్రెడిట్ అడగొచ్చు. నెల ముగిశాక డబ్బు ఖాతాలో పడటానికి సుమారు 60 రోజులు పడుతుంది కాబట్టి మొదటి నెలే చూసి నిరుత్సాహపడకండి.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇంకొంచెం ఆగాలి. ఆ వీసా మీ కంపెనీ ఉద్యోగానికే. పుస్తకం రాసి, ప్రచారం చేసి, అమ్ముకోవడం ఏ లెక్కలోకి వస్తుందో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి, ఆ జవాబు విన్నాకే ఖాతా తెరవండి. ఈలోపు రాయడానికి ఏ వీసా అడ్డం రాదు.

రెండో పుస్తకాన్ని ఏడాది ముందు నుంచే ప్రీ-ఆర్డర్‌లో పెట్టుకునే వీలుంది. ఆశపడి దగ్గర తేదీ వేయకండి. విడుదలకు మూడు రోజుల ముందే చివరి ఫైలు ఎక్కించాలి. రాయడం పూర్తయి, ఎడిటర్ దగ్గర నుంచి తిరిగొచ్చాక తేదీ వేస్తే నిద్ర పడుతుంది.